పింగ్ వస్తుంది, లైన్ మంచిగనే ఉంది

అఖిలకు రోత ఎక్కువ. పుట్టుకతోనే వచ్చిందని వాళ్లవ్వ వసంతమ్మ చెప్తది. వాళ్లూరు ఏర్గట్లల పసుపు ఉడకబెట్టే దినాలల్ల కూలికొచ్చినోళ్లందరు ఒక్క చెంబుతోని నీళ్లు తాగుతుంటే, ఈ పిల్ల మాత్రం బోరు కాడికి పోయి దోసిలి పట్టేది. పెండ్లిల ఎంగిలి ఇస్తరాకు కాలుకు తాకిందంటే ఇంక ఆ పూట బువ్వ ముట్టకపోయేది. "గింత రోత పెట్టుకొని రేపు ఎవలింట్ల బతుకుతవే" అని వసంతమ్మ నెత్తి కొట్టుకునేది. "రోత పనులు చేసెటోళ్లను ఏమనవు, రోతపడేదాన్ని అంటవ్" అని అఖిల ఎదురు మాట్లాడేది. ఆ నోరు ఇప్పటికీ అట్లనే ఉంది.

నౌకరి గూడ సరిగ్గ అటువంటి చోటనే దొరికింది. నిజామాబాద్ బస్టాండు వెనుక, చెప్పుల దుకాణం మీద, ఒక ఇంటర్నెట్ కంపెనీ. మెట్ల మూలమూలకు గుట్కా మరకలు. ఈడ ఉమ్మొద్దు అని రాసిన బోర్డు మీదనే గురి చూసి ఉమ్మిండ్రు. అఖిల రోజు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకొని, గోడకు భుజం తగలకుంట, మెట్ల నడుమ నుంచి ఎక్కుతది. పైన కుర్చీ తుడుచుకుంటది, మౌస్ తుడుచుకుంటది, అప్పుడు కూసుంటది. తోటోళ్లు నవ్వుతరు. నవ్వనీ అంటది.

ఆమె పని చెప్పాలంటే సులువే. జిల్లాల చానా ఊర్లకు ఈ కంపెనీ వైర్లు పోయినయి. వైరు కొసకు ఒక డబ్బా ఉంటది, రౌటర్ అంటరు. ఎవరన్న ఫోన్ చేసి నెట్ వస్తలేదు అంటే, అఖిల కూసున్న కుర్చీల నుంచే ఆ డబ్బాను పలకరిస్తది. ఉన్నవా, ఉన్నవా అని వరుసగ ఐదు సార్లు అడుగుతది. డబ్బా బతికుంటే ఉన్న అని జవాబిస్తది. దీన్నే పింగ్ అంటరు. జవాబొస్తే తెర మీద ఐదు ఆశ్చర్యార్థకాలు పడతయి, రాకుంటే ఐదు చుక్కలు పడతయి. ఉన్నవా అంటే ఉన్న అనుట్ల అంత ఆశ్చర్యపోయేది ఏమున్నదో, ఆ మిషన్ తయారు చేసినోనికే తెల్వాలె.

మేనేజర్ విజయ్‌కుమార్ సార్‌కు మాత్రం ఆ గుర్తులంటే పానం. "ఐదు వచ్చినయా? కంప్లైంట్ క్లోజ్ చెయ్" అంటడు. అనుకుంటనే బండి తాళంచెవి చెవుల పెట్టి తిప్పుకుంటడు. తిప్పినంక దాన్ని ప్యాంటుకు తుడిచి అఖిల టేబుల్ మీదనే పెడతడు. ఆయన పోయినంక అఖిల ఆ జాగ సబ్బు నీళ్లతోని కడుగుతది. తాళంచెవి పెట్టిన జాగ కడుగవచ్చు గని, ఆయన నేర్పిన మాట కడుగ రాదు. పింగ్ వస్తుంది, లైన్ మంచిగనే ఉంది. దినమంతా ఈ ఒక్క మాటనే అనీ అనీ, ఇంట్ల కూర ఎట్లుంది అని రూమ్‌మేట్ అడిగినా మంచిగనే ఉంది అనుడు అలవాటైంది అఖిలకు.

ఎడపల్లి దిక్కు నుంచి సుధారాణి ఫోన్లు మొదలైంది ఆ దినాలల్లనే.

సుధారాణి కాలువ క్యాంపు సబ్‌సెంటర్ల నర్సు. క్యాంపు అంటే ఎడపల్లి, బోధన్ దిక్కు చిన్న పిల్లలకు గూడ తెలుసు. తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి, కాలువ నీళ్ల కింద భూములు కొనుక్కొని కట్టుకున్న పల్లెలను క్యాంపులంటరు. ఊరు ఊరే, క్యాంపు క్యాంపే. మాట వేరు, చారు వేరు, మొక్కే దేవుడు ఒక్కడే. కాలువ క్యాంపు సబ్‌సెంటర్ల ఒక తెర పెట్టిండ్రు. మంగళారం మంగళారం నిజామాబాద్ నుంచి డాక్టర్ ఉదయశ్రీ ఆ తెర మీద కనవడి, క్యాంపోళ్ల రోగాలు చూసేది. మంచిగనే నడిచేది. ఒకనాడు పిడుగు పడి రౌటర్ కాలిపోయింది. కంపెనీ కొత్తది ఇచ్చి, వైర్లు చూసే ఆత్మారాంను పంపింది. పెట్టొచ్చిన అని ఆత్మారాం చెప్పిండు. కంప్యూటర్ల పెట్టినట్టు రాసుకున్నరు. ఆ తెర మాత్రం మళ్ల వెలగలే.

"అమ్మా, కాలువ క్యాంపు నుంచండీ. తెర నల్లగానే ఉంది. నెట్టు రావట్లేదు" అన్నది సుధారాణి మొదటిసారి.

అఖిల పింగ్ కొట్టింది. ఐదుకు ఐదు ఆశ్చర్యార్థకాలు.

"పింగ్ వస్తుంది మేడం. లైన్ మంచిగనే ఉంది. ఒకసారి బంద్ చేసి చాలూ చేయున్రి."

"డబ్బాలో లైట్లే వెలగట్లేదమ్మా. కొత్తది పెట్టడానికి అసలు ఎవరూ రాలేదు."

"మా దాంట్ల పెట్టినట్టే ఉంది మేడం. మీరు చూసేది వేరే డబ్బా కావచ్చు."

అఖిల ఊకెనే అనలే ఈ మాట. ఊర్లల్ల నుంచి ఫోన్ చేసెటోళ్లు రౌటర్ చూడమంటే ఇన్వర్టర్ చూస్తరు, ఇన్వర్టర్ చూడమంటే టీవీ డబ్బా చూస్తరు. అయినా ఆత్మారాంను గూడ అడిగింది. "పెట్టిన అక్క, మస్తు వెలుగుతుంది" అన్నడు వాడు. ఒక దిక్కు తెర ఉన్న అంటుంది, ఇంకో దిక్కు పెట్టినోడు పెట్టిన అంటుండు. మధ్యల నర్సు ఒక్కతే లేదంటే ఎవలు నమ్ముతరు? కంప్లైంట్ క్లోజ్ అయింది. మళ్ల వచ్చింది, మళ్ల క్లోజ్ అయింది. సుధారాణి ఫోన్ అంటే అఖిలకు యాష్టకొచ్చింది.

సుధారాణి ఫోన్ వెనుక ఎప్పుడూ ఇంకో గొంతు వినవడేది. క్యాంపుల సెల్ సిగ్నల్ అంతంత మాత్రమే. కిటికీల ఫోన్ పెట్టి, స్పీకర్ వేసి, దూరం నుంచి మొత్తుకుంట మాట్లాడేది సుధారాణి. పక్కనే బల్ల మీద కూసున్న ముసలామె అంతా వింటుండేది. ఆమె పేరు సుబ్బరత్నం. షుగర్ ఉన్న మనిషి, ఎడమ కాలు బొటనవేలికి పుండు. ఉదయశ్రీ డాక్టర్ ప్రతి మంగళారం ఆ కాలు చూసి, కట్టు ఎట్ల కట్టాల్నో, ఏ గోలీ ఇయ్యాల్నో చెప్తుంటే పుండు మానుకుంట వచ్చింది. తెర నల్లబడ్డ కాడి నుంచి మళ్ల పెద్దగైతుంది.

"మరి పెద్ద దవాఖానకు తీస్కపోరాదు మేడం?" అని అడిగింది ఒకసారి అఖిల, జల్ది ఫోన్ పెట్టేయాలని.

"నాలుగు సార్లు బతిమాలానమ్మా. రానంటుంది. వాళ్లాయన వేలి పుండుతో ఏదో ఆసుపత్రికి వెళ్లి మోకాలి దాకా పోగొట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ తెర మీద చూసి వెళ్లమంటే వెళ్తా, లేకపోతే చచ్చినా వెళ్లను అంటుంది. డాక్టరమ్మకి ఫోన్ కలపమంటే ఆసుపత్రి వాళ్లు తెర మీదే మాట్లాడమంటున్నారు. ఫొటో పంపుదామన్నా ఇక్కడ సెల్ సిగ్నల్ చాలదు."

వెనుక నుంచి సుబ్బరత్నం గొంతు. "ఏమంటుందే ఆ అమ్మాయి? బాగానే ఉందంటుందా?"

"బాగానే ఉందంటుందండీ."

"బాగానే ఉంటే డాక్టరమ్మ ఎందుకు కనపడదు?"

అఖిల ఫోన్ పెట్టేసింది. కంప్లైంట్ క్లోజ్ చేసింది. ఆ మాట చెవుల పడ్డదా అంటే పడ్డది. పడ్డా ఏం చేస్తది, తెర మీద ఐదు కనవడుతున్నయి.

ఆ తర్వాత ఒక పగటిపూట, అఖిల టిఫిన్ మూత తీసి మొదటి ముద్ద నోట్ల పెట్టుకునే టైముకు మళ్ల అదే నంబర్. ఎత్తింది. సుధారాణి ఈసారి నెట్ గురించి మాట్లాడలే.

"ఆ కాలు కంపు కొడుతోందమ్మా" అన్నది. "కట్టు విప్పుతూ నేనే బయటికి పరిగెత్తాల్సి వచ్చింది. పదిహేనేళ్ల సర్వీసులో నాకు ఎప్పుడూ అట్లా అవ్వలేదు. ఈసారైనా కాస్త చూడమ్మా."

అఖిల నోట్ల ముద్ద అట్లనే ఆగింది. ఎన్నడూ చూడని కాలు, ఎన్నడూ పోని ఊరు, అయినా ఆ కంపు టెలిఫోన్ల నుంచి వచ్చి ముక్కుల దూరినట్టే అయింది. ముద్దను కాగితంల ఉమ్మి చుట్టి పారేసింది. టిఫిన్ మూసింది. అలవాటు కొద్ది పింగ్ కొట్టింది. ఐదు ఆశ్చర్యార్థకాలు. ఆ గుర్తులను చూస్తే మెట్ల మీద గుట్కా మరకలను చూసినప్పుడు వచ్చే రోతనే వచ్చింది.

పింగ్‌తోని ఒక మోసం ఉంది. ఉన్నవా అంటే ఉన్న అంటది. ఏడున్నవ్ అంటే చెప్పదు. అది తెల్వాలంటే డబ్బా లోపటికి పోయి, నీ పక్కపొంటి ఎవలెవలున్నరు అని అడగాలె. దానికొక కమాండ్ ఉంటది, ట్రైనింగ్ల నేర్పిస్తరు. వైరుతోని ఆ డబ్బాకు తగిలి ఉన్న ఇరుగుపొరుగు మిషన్ల పేర్లన్ని వరుసగ చెప్తది. ఇంత చిన్న పని ఇన్ని దినాలు ఎందుకు చేయలే అంటే, ఎవలూ చేస్తలేరు గనుక. ఐదు వచ్చినంక ఇంకో ప్రశ్న అడిగే రివాజు ఆ కంట్రోల్ రూమ్‌ల లేకుండె.

అఖిల అడిగింది. ఒక దిక్కు పొరుగు ఎడపల్లి పెద్ద డబ్బా. అది సరే, ఉండాల్సిందే. రెండో దిక్కు డాక్టర్ కనవడే తెర మిషన్ ఉండాలె. అది లేదు. దాని జాగల ఒక స్విచ్, అంటే వైర్లు పంచే డబ్బా ఉంది, దానికి ఎవరో పెట్టిన పేరు ఉంది. క్యాంప్‌ఆఫీస్-హాల్. దాని వెనుక పెద్ద టీవీ ఒకటి, కెమెరాల డబ్బా ఒకటి.

అఖిల ఆ పేరు రెండుసార్లు చదివింది. సబ్‌సెంటర్ల హాల్ ఏడిది? ఉన్నదే ఒక అర్ర. ఫోన్ తీసి ఆత్మారాంకు కొట్టింది.

"అన్నా, కాలువ క్యాంపు రౌటర్ ఏడ పెట్టినవ్?"

"క్యాంపుల్నే అక్క."

"ఏ క్యాంపుల?"

"సార్ వాట్సాప్ల ఎడపల్లి క్యాంపు అని పెట్టిండు. హోటల్ కాడ అడిగిన, క్యాంపు ఏడుంది అని. ఏ క్యాంపు అన్నరు. ఆఫీసుది అన్న. ఛైర్మన్ సాబ్ క్యాంపాఫీసు చూపెట్టిండ్రు. క్యాంపంటే క్యాంపాఫీసే గద అక్క, ఇంకేముంటది?"

ఆత్మారాం నిజామాబాద్ల పుట్టి పెరిగినోడు. వాని లెక్కల క్యాంపు అంటే పెద్దమనుషులు ఇంటి ముంగట బోర్డు పెట్టుకొని దర్బారు నడిపే ఆఫీసు. మనుషులు కాపురముండే పల్లెకు గూడ అదే పేరుంటదని వానికి ఎవలూ చెప్పలే. ఎప్పుడో ఎలక్షన్ల టైముల కంపెనీ ఆ ఇంటికి వేసిన వైరు ఒకటి ఖాళీగనే ఉండె. దానికి తగిలిచ్చిండు. లైట్లు వెలిగినయి. వాళ్లు చాయ్ తాగిపిచ్చిండ్రు. వచ్చిండు. అన్ని దినాలు సుధారాణి కాలువ క్యాంపు నుంచి మొత్తుకుంటుంటే, ఛైర్మన్ సాబ్ హాల్ల నుంచి ఆ డబ్బా ఉన్న, ఉన్న అని జవాబిచ్చుకుంట ఉంది. లైన్ మంచిగనే ఉంది మరి. ఎవలకు మంచిగున్నదనేదే తేడా.

ఛైర్మన్ సాబ్ అంటే ఇప్పుడు దేనికీ ఛైర్మన్ కాదు. ఎన్నడో ఒక సంఘానికి ఉండె. ఆ సంఘం ఎత్తిపోయింది, పిలుపు మాత్రం మిగిలింది. గని ఆ మండలంల ఏ గల్లీల స్తంభం పాతాలన్న, వైరు లాగాలన్న, ఆయన తలకాయ ఊపాలె. విజయ్‌కుమార్ సార్‌కు అది బాగ తెలుసు. అఖిల పోయి సంగతి చెప్తే, ఆయన ముందుగాల తాళంచెవి చెవుల నుంచి తీసిండు.

"నాకు తెలుసు" అన్నడు.

"తెలుసా సార్?"

"మొన్న ఛైర్మన్ సాబే ఫోన్ చేసిండు, నెట్ మస్తు స్పీడున్నది, షుక్రియా అని. అప్పుడే సమజైంది. ఇప్పుడు ఆయన ఇంట్ల నుంచి గుంజుకొస్తే ఏం బాగుంటది? రేపు ఆ దిక్కు కొత్త లైన్లు వేసేదుంది. హైదరాబాద్‌కు రాసిన, ఇంకో రౌటర్ పంపుమని. వస్తది. అందాక పింగ్ వస్తుందని చెప్పు."

"ఆడ ముసలామె కాలు కుళ్లుతుంది సార్."

"ఆమె కాలుకు మన రౌటర్‌కు ఏం సంబంధం అఖిలా? దవాఖానలు లేవా?"

ఆయన ఈ మాట మెత్తగనే అన్నడు. కోపం లేదు, సిగ్గు గూడ లేదు. అదే అఖిలకు రోత పుట్టిచ్చింది. గుట్కా ఉమ్మినోనికి కనీసం నోరు ఎర్రగైతది, ఎవలన్న చూస్తే తెలుస్తది. ఈయన తెల్ల అంగీ మీద ఏ మరకా లేదు. ఇంక ఎక్కువ రోత ఏందంటే, ఆయన చెప్పుమన్న మాట ఇన్ని దినాలు చెప్పింది తన నోరే. అఖిల బాత్రూమ్‌కు పోయి పుక్కిలిచ్చింది. పుక్కిలిస్తే పోయేది కాదని తెలిసినా పుక్కిలిచ్చింది.

వచ్చి, కడుపు నొస్తుంది, పొద్దుగూకేదాక సెలవు కావాలె అని చెప్పి, ల్యాప్‌టాప్ సంచిల పెట్టుకొని దిగిపోయింది. కడుపు నొప్పి అబద్ధమేం కాదు.

బోధన్ బస్సు. చెరుకు కొట్టే రోజులు. జానకంపేట దాటినంక ట్రాక్టర్లు రోడ్డు నిండ. బస్సుల సగం మంది చెరుకు నములుతున్నరు, నమిలిన పిప్పి కిందనే ఊంచుతున్నరు. అఖిల రెండు కాళ్లు సీటు మీదికి ముడుచుకొని, సంచి ఒడిల పెట్టుకొని కూసున్నది. పక్కన కూసున్న ముసలాయన చెరుకు ముక్క విరిచి ఇయ్యబోయిండు. వద్దు బాపు అన్నది. ఎందుకు బిడ్డా, తీపున్నది అన్నడు. మంచి మనిషే. అయినా ముట్టుకోలే.

ఎడపల్లిల ఛైర్మన్ సాబ్ ఇల్లు దొరకపట్టుడు కష్టం కాలే. ఇంటికన్న ఫ్లెక్సీ పెద్దగున్నది. దాని మీద ఆయన దండం పెడుతున్నడు. కింద క్యాంపు కార్యాలయం అని బంగారు రంగు అక్షరాలు. ఉన్నది ఆయన సొంత ఇల్లే, పైన సంసారం, కింద దర్బారు, దానికి క్యాంపు అని పేరు. సొంత ఇంట్ల క్యాంపు వేసుకునే మనిషిని అఖిల మొదటిసారి చూస్తుంది.

హాల్ల సోఫాలకు దుకాణం నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇంక తీయలే. నలుగురైదుగురు దాని మీద పండి ఫోన్ల రమ్మీ ఆడుతున్నరు. చాయ్ కప్పుల బీడీ ముక్కలు. గోడంత టీవీల పాత క్రికెట్ మ్యాచ్ నడుస్తుంది, చూసేటోడు ఒక్కడు లేడు. టీవీ పక్కన బల్ల మీద రౌటర్. కొత్త మిషన్ అని దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టిండ్రు. పచ్చ లైట్లు మంచిగ వెలుగుతున్నయి.

"కంపెనీ నుంచి వచ్చిన" అన్నది అఖిల.

"చెకింగా? చేసుకో అక్క. చాయ్ తాగుతవా?" అని ఒకడు లేచి, బీడీ ముక్క పారబోసి అదే కప్పు కడుగవోయిండు.

"చాయ్ వద్దు. ఇది కాలువ క్యాంపు దవాఖానది. తప్పిపోయి ఈడికి వచ్చింది. తీస్కపోతున్న."

రమ్మీ ఆగింది. "ఛైర్మన్ సాబ్‌ను అడగకుంట ఎట్ల తీస్కపోతవ్?" అన్నడు అందరిల పెద్దోడు.

"అడుగున్రి. ఏడున్నడు?"

అందరు పైకప్పు దిక్కు చూసిండ్రు. ఛైర్మన్ సాబ్ బువ్వ తిని పండుకున్నడు. పగటి నిద్ర లేపితే ఆయన ఎంత మాటంటడో వాళ్లందరికి ఒక్కొక్కసారి అనుభవమే.

"నువ్వు లేపు" అన్నడు ఒకడు.

"నేనెందుకు లేపుత, నువ్వే పో" అన్నడు ఇంకోడు.

"లేచినంక తీస్కపోరాదు అక్క. జరసేపు కూసో."

వాళ్లు గిట్ల ఒకల మీద ఒకలు వేసుకుంటుండంగనే అఖిల వైర్లు పీకింది. టీవీల బౌలర్ ఉరికొస్తూ ఉరికొస్తూ ఆగిపోయిండు. చున్నీతోని పట్టుకొని డబ్బాను సంచిల పెట్టుకున్నది. ఒకడు వాకిలి దాక వెంట వచ్చిండు గని, ఆడపిల్ల చేతుల నుంచి గుంజుకోవాల్నా వద్దా అని ఆలోచన చేసేలోపట ఆమె ఆటో ఎక్కింది. ఇంత పెద్ద ఫ్లెక్సీ పెట్టుకున్న మనిషి ఇంట్ల, ఆయనను నిద్ర లేపే ధైర్యం ఒక్కనికి లేకపోవుడు చూస్తే అఖిలకు నవ్వు గూడ రాలే. గాలి తగిలేదాక ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునే కూసున్నది.

కాలువ గట్టు మీద ఆటో పోతుంటే సుధారాణికి ఫోన్ చేసి చెప్పింది. సుధారాణి గేటు కాడనే నిలబడి ఉంది. ఇన్ని దినాలు ఫోన్ల తిట్టుకున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నరు, లోపటికి నడిచిండ్రు. గోడకు పాత రౌటర్ నల్లగ మాడిపోయి అట్లనే వేలాడుతుంది. లైట్లు లేవు. సుధారాణి చెప్పింది చెప్పినట్టే ఉంది.

బల్ల మీద సుబ్బరత్నం పండి ఉంది. సన్నటి మనిషి, తెల్ల చీర, కాలు దిండు మీద. కట్టు కట్టి ఉన్నా అర్రంతా కంపు. కిటికీలు తీసున్నా అగరొత్తి ముట్టిచ్చినా పోతలేదు. అఖిలకు గొంతు దాక వచ్చింది. నోరు మూసుకొని, గోడ దిక్కు తిరిగి, బొట్టు పెట్టిన డబ్బాను తగిలిచ్చింది. ల్యాప్‌టాప్ తీసి పింగ్ కొట్టింది. ముందు ఒక చుక్క, తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు. ఈసారి దాన్ని నమ్మలే. లోపటికి పోయి పక్కోళ్లెవలని అడిగింది. ఒక దిక్కు ఎడపల్లి. రెండో దిక్కు డాక్టర్ తెర మిషన్. అప్పుడు ఊపిరి వదిలింది.

మంగళారం కాకున్నా, సుధారాణి కిటికీల ఫోన్ నుంచి పెద్ద దవాఖానకు మొత్తుకొని ఉదయశ్రీ డాక్టర్‌ను తెర ముందల కూసోపెట్టింది. డాక్టర్ కనవడంగనే సుబ్బరత్నం మొఖం విప్పారింది.

"ఎన్ని రోజులైందమ్మా మిమ్మల్ని చూసి" అన్నది.

"నేను మీరే రావట్లేదనుకున్నానమ్మా. లైన్ బాగుంది, పేషెంట్లే రావట్లేదని నెట్టు కంపెనీ వాళ్లు రాసి పంపారు నాకు" అన్నది ఉదయశ్రీ. "కట్టు విప్పండి సుధారాణీ. మడమ పైకి ఎత్తి కెమెరాకు దగ్గరగా పట్టుకోండి."

సుధారాణికి ఉన్నయి రెండు చేతులే. ఒక చేత కెమెరా, ఒక చేత లైట్. ఆమె అఖిల దిక్కు చూసింది. అఖిల ముందుకొచ్చి ఆ మడమ కింద రెండు చేతులు పెట్టి లేపింది. తడి చేతులకు అంటింది. పరాయోళ్ల చెంబుల నీళ్లు తాగని పిల్ల, ఇస్తరాకు తాకితే పస్తులున్న పిల్ల, ఆ కాలును పట్టుకొని డాక్టర్ చాలు అనేదాక నిలబడ్డది. వాంతికొచ్చుడు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెల్వదు. బొటనవేలు నల్లగైంది. నలుపు పాదం మీదికి పాకుతుంది.

ఉదయశ్రీ చానాసేపు చూసింది. "వేలు పోయిందమ్మా" అన్నది. "పాదం నిలుస్తుందో లేదో మీరు నా దగ్గరికి వచ్చాక చెప్తాను. ఇప్పుడే బయలుదేరాలి. ఇంతకు ముందే చూసి ఉంటే…" అని ఆగింది.

"మీరు అక్కడ ఉంటారా?" అని అడిగింది సుబ్బరత్నం.

"నేనే ఉంటాను."

"అయితే వస్తాను. మీరు వెళ్లమంటే వెళ్తానని నేను ముందు నుంచీ చెప్తూనే ఉన్నాగా."

సుధారాణి అంబులెన్స్‌కు ఫోన్ చేసింది, కొత్త కట్టు కట్టింది. సుబ్బరత్నం కండ్లు మూసుకున్నది. అఖిల చేతులు దూరం పట్టుకొని కుళాయి దిక్కు పోతుంటే కిటికీల పెట్టిన ఆమె ఫోన్ మోగింది. చేతులు గట్లున్నయి, ఎట్ల ఎత్తుతది? సుధారాణే వచ్చి ఒత్తి, అలవాటు కొద్ది స్పీకర్ వేసింది.

"అఖిలా, ఏడున్నవ్?" విజయ్‌కుమార్ సార్. రొప్పుతున్నడు. "ఛైర్మన్ సాబ్ నిద్ర లేచిండు. నెట్ లేదట, టీవీ ఆగిపోయిందట. మస్తు గరమైతున్నడు. ఆత్మారాంను ఉరికించిన. నువ్వు జర ఆ క్యాంపు రౌటర్‌కు పింగ్ కొట్టి చూడు."

ఒక్క పూట టీవీ ఆగితే మనిషిని ఉరికించిండు. అఖిల ల్యాప్‌టాప్ దిక్కు చూసింది. నాలుగు ఆశ్చర్యార్థకాలు వరుసగ ఉన్నయి. ఆమెకు ఒక్క నిమిషం పానం హాయిగైంది.

"చూసిన సార్" అన్నది, ఒక్కొక్క మాట విడదీసి. "పింగ్ వస్తుంది. లైన్ మంచిగనే ఉంది."

బల్ల మీద సుబ్బరత్నం కండ్లు తెరిచింది.

"సుధారాణీ," అన్నది, "ఫోన్లో మాట్లాడే అమ్మాయి ఈ అమ్మాయే కదే?"

సుధారాణి కట్టు సర్దుకుంట తల ఎత్తలే.

"అవునమ్మా, నేనే" అన్నది అఖిల.

సుబ్బరత్నం ఆమె మొఖం దిక్కు, కడుక్కోని చేతుల దిక్కు చూసింది. ఆమె గొంతుల కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"అప్పుడు కూడా బాగానే ఉందన్నావుగా తల్లీ?"

అఖిల కుళాయి దిక్కు పోలే, చేతులు అట్లనే పట్టుకొని నిలబడ్డది. ఫోన్ల విజయ్‌కుమార్ హలో, హలో అంటనే ఉన్నడు.